పట్టాలున్నవి, బండ్లు రావాలి

ప్రబంధానికి పురవర్ణన అలంకారం. ఆలంకారికులు చెప్పిన అష్టాదశ వర్ణనలలో మొదట వచ్చేది నగరమే. కోటలు, అగడ్తలు, మిన్నంటే మేడలు, మదపుటేనుగులు, మేలుజాతి గుర్రాలు, నాలుగు వర్ణాలవారి వృత్తులు, పూలమ్మే పడతుల మాటకారితనం అన్నీ ఆ పద్యాలలో కొలువుదీరి ఉంటవి. ఆ పూలమ్మే పడతి తెల్లవారుజామున ఎంత దూరం నుంచి వచ్చిందో, రాత్రి ఏ వేళకు ఇల్లు చేరుతుందో మాత్రం సాధారణంగా కానరాదు. కవులకు దయ లేక కాదు, అవసరం లేక. ఆనాటి నగరంలో ఇల్లూ పనీ ఒకే కోటగోడ లోపల ఉండేవి. వర్ణనల పట్టికలో ప్రయాణం అనే మాట కూడా ఉన్నది గాని, అది దండయాత్రకు వెడలే రాజుగారి ప్రయాణం.

నేటి నగరంలో ఇల్లు ఒకచోట, పని మరొకచోట. హైదరాబాదులో ఫలక్‌నుమాలో నిదురలేచినవాడు హైటెక్ సిటీలో పనికి హాజరు కావాలి. మేడ్చల్‌లో అద్దె తక్కువని కాపురం పెట్టిన కుటుంబానికి జీతం సికింద్రాబాదులోనో నాంపల్లిలోనో ఉంటుంది. కనుక ఈ నగరాన్ని వర్ణించబూనిన వారెవరైనా మేడలకంటె ముందుగా ఆ నడిమి దూరాన్ని వర్ణించాలి. ఆ దూరాన్ని దాటించడానికి నగరం చేతిలో చవకైన సాధనం ఒకటున్నది. నూట యాభై ఏండ్ల క్రితమే పట్టాలు పడినవి, స్టేషన్లు కట్టి ఉన్నవి, విద్యుత్ తీగలు సాగి ఉన్నవి. అయినా ఆ సాధనం సగం నిద్రలోనే ఉన్నది. అదే ఎంఎంటీఎస్ అని జనవ్యవహారంలో నిలిచిన నగర రైలు.

నిద్రకు కారణం తెలియాలంటే ఆ పట్టాలు ఎవరికోసం పడినవో తెలియాలి. 1874లో, మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో, బొంబాయి–మద్రాసు మార్గంపై ఉన్న వాడి జంక్షను నుంచి ఒక శాఖ సికింద్రాబాదు వరకు వచ్చింది. సొమ్ము నిజాం రాజ్యానిది. దారి చేరినది మాత్రం చార్మినారు దగ్గరకు కాదు, ఆంగ్లేయుల సైన్యం విడిదిచేసిన కంటోన్మెంటు దగ్గరకు. నాంపల్లిలో హైదరాబాదు స్టేషను 1907లో వెలసింది. మూసీ తీరానికి సమీపంలోని కాచిగూడ స్టేషను 1916 నాటిది. 1930లో కంపెనీ చేతిలో ఉన్న రైలుమార్గాలను నిజాం ప్రభుత్వం తన వశం చేసుకున్నది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. పాలకులు మారినారు, కంపెనీలు మారినవి, ఇంజన్లు మారినవి. పట్టాల ఉద్దేశం మాత్రం మారలేదు. అవి దూరాలనుంచి మనుషులనూ సరకులనూ తెచ్చి నగరంలో దించడానికి, నగరం నుంచి ఎత్తి దూరాలకు పంపడానికి వేసినవి. నగరంలోనే ఒక పేటనుంచి మరొక పేటకు పోవలసిన మనిషి ఆ లెక్కలో లేడు.

ఆ మనిషి లెక్కలోకి వచ్చిన తేదీ 2003 ఆగస్టు 9. కేంద్ర రైల్వేశాఖ, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి సికింద్రాబాదు–లింగంపల్లి, హైదరాబాదు–లింగంపల్లి మార్గాలలో నగర రైళ్లను నడపనారంభించినవి. కొత్తగా భూమి సేకరించలేదు, ఇండ్లు కూల్చలేదు, ఆకాశంలో స్తంభాలు నిలపలేదు. ఉన్న పట్టాలపైనే స్టేషన్లు దగ్గర దగ్గరగా కట్టి, రెండువైపులా నడిచే విద్యుత్ బండ్లను తెచ్చారు. ఇంతకంటె మితవ్యయమైన ఆలోచన ఈ నగరానికి మరొకటి తట్టలేదేమో!

ఆ స్టేషన్ల పేర్లు వరుసగా చదివినా నగరచరిత్ర కొంత అర్థమవుతుంది. సీతాఫల్‌మండి అంటే ఒకనాటి పండ్ల బేరం కళ్లముందు కదులుతుంది. ఆర్ట్స్ కాలేజీ, జామై ఉస్మానియా అన్న రెండు స్టేషన్ల నడుమ ఒక విశ్వవిద్యాలయమే విస్తరించి ఉన్నది. లక్డీకాపూల్ అంటే కట్టెల వంతెన. ఫలక్‌నుమా అంటే ఆకాశాన్ని చూపునది. జేమ్స్ స్ట్రీట్ వీధికి పేరు మారినా స్టేషనుకు మారలేదు. సంజీవయ్య పార్కు దగ్గర దామోదరం సంజీవయ్య పేరు వినబడుతుంది. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ ఒకే బండిలో పక్కపక్కన కూర్చున్నట్లుంటుంది ఆ వరుస. ఇంతటి వైవిధ్యాన్ని ఐదు, పది రూపాయల టికెట్టుతో చూపించే వాహనం నగరంలో మరొకటి లేదు.

ఇక అసలు చిక్కు. ఉన్న పట్టాలను వాడుకోవడం ఈ రైలుకు బలమెంతో బలహీనత అంత. లింగంపల్లి–సికింద్రాబాదు మార్గంలో రాకకొకటి, పోకకొకటి చొప్పున రెండే దారులు. ముంబయి వైపు నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్ బండ్లు, వికారాబాదు వైపు ప్యాసింజర్లు, సరకుల బండ్లు, నగర రైళ్లు అన్నీ వాటిపైనే నడవాలి. రైలుదారిని చిన్న చిన్న ఖండాలుగా విభజించి, ఒక ఖండంలో ఒక బండి ఉండగా మరొక బండిని రానివ్వకపోవడం భద్రతకు మూలసూత్రం. కాబట్టి ఎక్కడో షోలాపూరు దగ్గర ఆలస్యమైన ఒక ఎక్స్‌ప్రెస్ వేళకాని వేళ నగరంలో ప్రవేశించినప్పుడు, దానికి దారి ఇవ్వడంకోసం నగర రైలు బేగంపేటలోనో జేమ్స్ స్ట్రీటులోనో ఆగిపోతుంది. సికింద్రాబాదులో పది ప్లాట్‌ఫారాలున్నా ఖాళీ దొరకక స్టేషను బయట సిగ్నలు దగ్గర నిలబడిపోతుంది. స్టేషను గడియారం ఎదుటే కనిపిస్తూ ఉంటుంది. బండి మాత్రం కదలదు.

పెద్ద బండికి చిన్న బండి దారి ఇవ్వడం న్యాయమే కదా అని తోచవచ్చు. ఎక్స్‌ప్రెస్సులో వెయ్యిమంది ఉంటారు, వందల మైళ్లు వచ్చి ఉంటారు. ఈ వాదంలో ఒక పొరపాటున్నది. దూరప్రయాణికుడు ఏడాదికి ఒకటి రెండుసార్లు రైలెక్కుతాడు. పదిహేను నిమిషాల ఆలస్యం అతనికి విసుగు. రోజూ ఎక్కేవానికి అదే పదిహేను నిమిషాలు నెలకు ఇరవై అయిదు రోజులు. తెలుగులో దీనికి మంచి పలుకుబడి ఉన్నది. ఊరికి పోవడాన్ని ప్రయాణం అంటారు. పనికి పోయి ఇంటికి వచ్చే దానిని రాకపోకలు అంటారు. ఆ సమాసంలో రాకను ముందు నిలిపిన వారెవరో గాని లోకం తెలిసినవారు. ప్రయాణంలో పోవడం ప్రధానం. రాకపోకలలో తిరిగి ఇల్లు చేరడం ప్రధానం. ప్రయాణపు బండికి వేగం గుణం. రాకపోకల బండికి వేగంకంటె నియతి గుణం. ఏ నిమిషానికి వస్తుందో తెలియాలి, తప్పిపోతే తరువాతిది ఎంతలో వస్తుందో తెలియాలి.

ఐదు నిమిషాలకొక బండి వచ్చే చోట ఒకటి రద్దయినా ఎవరూ గమనించరు. ముప్పావుగంటకొకటి వచ్చే చోట ఒకటి రద్దయితే మనిషి గంటన్నర పోగొట్టుకుంటాడు. ఒకసారి అలా పోగొట్టుకున్న వ్యక్తి మరునాడు ఆటో ఎక్కుతాడు. నాలుగుసార్లు పోగొట్టుకున్న వ్యక్తి వాయిదాలమీద మోటారుసైకిలు కొంటాడు. అతడు ఇక స్టేషను మెట్లెక్కడు. అప్పుడు లెక్కలు చూచే అధికారికి బండిలో జనం తగ్గినట్లు కనబడుతుంది. జనం లేరు గనుక మరొక బండి తగ్గుతుంది. మరొక బండి తగ్గింది గనుక మరికొందరు తప్పుకుంటారు. దీనిలో ఎవరూ అబద్ధమాడడం లేదు. ప్రతి అడుగూ లెక్క ప్రకారమే పడుతుంది; అయినా చివరకు చేరేది గోతిలోకే. ఆదరణ లేక రైళ్లు తగ్గినవనే మాట తరచు వినవస్తుంది. రైళ్లు తగ్గి ఆదరణ పోయిందని ఎందుకనుకోరాదు?

కరోనా కాలం ఈ వలయాన్ని మరింత బిగించింది. 2020 మార్చిలో ఆగిన నగర రైళ్లు 2021 జూన్ 23న గాని మళ్లీ కదలలేదు, కదిలినా మొదట కొన్ని మాత్రమే. ఆ పదిహేను నెలలలో దుకాణాలు తెరుచుకున్నవి, కార్యాలయాలు తెరుచుకున్నవి, మెట్రో నడిచింది, బస్సులు నడిచినవి. చవకైన రైలును నమ్ముకున్నవారు మాత్రం మరొక దారి వెతుక్కోవలసి వచ్చింది. వెతుక్కున్నారు. దొరికిన దారిని విడిచి వెనక్కు రమ్మంటే వారు రావడానికి రైలు అంతకు మునుపటికంటె నమ్మకంగా ఉండాలి. ఆ తరువాత జరిగినది అందుకు విరుద్ధం. సర్వీసులు పూర్వపు సంఖ్యకు చేరలేదు. పట్టాల పనుల పేరిట వారాంతపు రద్దు ప్రకటనలు పత్రికలలో మామూలైపోయినవి.

ఇప్పటికీ ఆ బండిలో మిగిలినవారెవరు? ఇండ్లలో పనిచేసే స్త్రీలు, దుకాణాల్లో గుమాస్తాలు, ఆసుపత్రుల ఆయాలు, అద్దాల మేడలకు కాపలా కాసే యువకులు, కూరల గంపలతో ఎక్కేవారు, సగం రాయితీ సీజన్ టికెట్టు జేబులో పెట్టుకున్న విద్యార్థులు. వీరిలో చాలామందికి ఆలస్యమంటే హాజరుపట్టీలో గుర్తు, ఆ గుర్తంటే జీతంలో కోత. సాఫ్ట్‌వేరు ఉద్యోగి పది నిమిషాలు ఆలస్యమైతే ఎవరూ అడగరు. అదే భవనం గేటువద్ద నిలిచే కాపలాదారు ఆలస్యమైతే అడుగుతారు. 2023 డిసెంబరునుంచి తెలంగాణలో స్త్రీలకు ఆర్టీసీ సాధారణ బస్సులలో ఉచిత ప్రయాణం వచ్చింది. డబ్బుకోసం రైలెక్కిన స్త్రీలకు ఆ అవసరం చాలావరకు తీరింది. అయినా రైలునే ఎంచుకునే స్త్రీ ఉన్నదంటే ఆమె కోరేది చవక కాదు, వేళకు చేరడం. ఆ ఒక్కటే ఈ రైలు ఇవ్వలేకపోతున్నది.

ఇతర నగరాలు ఏమి చేసినవి? బొంబాయిలో 1925 ఫిబ్రవరి 3న విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లా వరకు దేశంలో మొట్టమొదటి విద్యుత్ రైలు నడిచింది. నడిచినది నగరవాసి కోసమే. మద్రాసులో 1931లో బీచ్–తాంబరం మధ్య విద్యుత్ రైళ్లు వచ్చినవి. ఆ రెండు నగరాల ప్రధాన మార్గాలలో లోకల్ బండ్లకు ప్రత్యేకంగా పట్టాలున్నవి. ఆ బండ్లలో ఊపిరాడని రద్దీ ఉన్నమాట నిజమే. ముంబయి లోకల్ తలుపు పట్టుకుని వేలాడి ప్రాణాలు కోల్పోతున్నవారిని తలచుకుంటే దానిని ఆదర్శమని పొగడడానికి నోరు రాదు. కాని అక్కడి లోపం జనం ఎక్కువై వచ్చినది, ఇక్కడి లోపం జనాన్ని రానివ్వక వచ్చినది. చెన్నై లోకల్ బండి ఒకటి రాష్ట్రపు పొలిమేర దాటి ఆంధ్రప్రదేశ్‌లోని సూళ్లూరుపేట వరకు వస్తుంది. గుమ్మిడిపూండికి ఆవల దానికీ వేరు పట్టాలు లేవు. ఒక్క రెండు దారులపైనే అన్ని బండ్లూ సర్దుకోవలసిన అవస్థ సూళ్లూరుపేటవారికి, తడవారికి కొత్తగా చెప్పనక్కరలేదు.

మెట్రో వచ్చింది కదా, ఇక ఈ పాతబండి ఎందుకన్నవారూ ఉన్నారు. 2017 నవంబరులో మొదలైన హైదరాబాదు మెట్రో నిస్సందేహంగా మంచి వాహనం; వేళకు వస్తుంది, చల్లగా ఉంటుంది. అయితే 2025 మేలో దాని ఛార్జీలు పెరిగినవి. రోజుకూలీకి అది ఎక్కి దిగే వాహనం కాదు, ఎప్పుడైనా ఎక్కే వాహనం. పైగా మెట్రో పోని చోట్లకు నగర రైలు పోతుంది. లింగంపల్లికి, యాకుత్‌పురాకు, ఫలక్‌నుమాకు, ఉందానగర్‌కు, మేడ్చల్‌కు మెట్రో లేదు. రెండూ కలిసే చోట్లు చూడండి: బేగంపేట, భరత్‌నగర్, ఖైరతాబాదు, లక్డీకాపూల్, నాంపల్లి, మలక్‌పేట, సికింద్రాబాదు. ఈ ఏడుచోట్లా ఒకటి దిగి మరొకటి ఎక్కడం సుఖంగా, ఒకే టికెట్టుతో సాగితే రెండింటికీ లాభమే. ఎంఎంటీఎస్ అన్న నాలుగక్షరాల అర్థమే బహువిధ రవాణా వ్యవస్థ. రైలూ బస్సూ ఒకదానికొకటి అందివ్వాలన్నది పుట్టుకలోనే పెట్టుకున్న పేరు. హైటెక్ సిటీ స్టేషనులో దిగినవారికి అసలు హైటెక్ సిటీ నడిచి చేరేటంత దగ్గరలో లేదు. అక్కడ బండి దిగే వేళకు బస్సు సిద్ధంగా ఉండకపోతే ఆ పేరుకు అర్థమేమున్నది?

రెండవ దశ కథ ఓపికను పరీక్షించేది. 2012–13లో మంజూరైన పనులలో రాష్ట్రం వాటా రెండు వంతులు, రైల్వే వాటా ఒక వంతు. రాష్ట్రం విడిపోవడం, వాటా సొమ్ము విడుదలలో జాప్యం, రక్షణశాఖ భూములగుండా పోయే దారికి అనుమతుల చిక్కు ఇవన్నీ కలిసి దశాబ్దం గడిచిపోయింది. 2023 ఏప్రిల్ 8న మేడ్చల్, ఉందానగర్ మార్గాలలో రైళ్లు మొదలైనవి. 2024 మార్చిలో మౌలాలి–సనత్‌నగర్ దారి మీదుగా ఘట్‌కేసర్–లింగంపల్లి బండి బయలుదేరింది. ఈ దారి విలువ చాలామంది గుర్తించలేదు. సికింద్రాబాదు ఇరుకులోకి రాకుండానే నగరపు తూర్పు అంచునుంచి పడమటి అంచుకు చేర్చగల మార్గమది. ఇంత కాలం పట్టి వేసిన దారిపై రోజుకు నడిచే నగర రైళ్లను వేళ్లమీద లెక్కించవచ్చు.

ఈలోగా భవనాలు లేస్తున్నవి. సికింద్రాబాదు స్టేషను పునర్నిర్మాణానికి 2023 ఏప్రిల్ 8నే శంకుస్థాపన జరిగింది. వ్యయం ఏడువందల కోట్ల రూపాయలకు మించినది. పాత ముఖద్వారం కనుమరుగైంది. కొత్త స్టేషను అందంగా ఉండవలసినదే, కాదనేవారు లేరు. కాని నగర రైలు ప్రయాణికుడు స్టేషనులో గడపదలచుకోడు. అతనికి మంచి స్టేషను అంటే ఎక్కువసేపు నిలబడనక్కరలేని స్టేషను. విశ్రాంతి మందిరం, ఎస్కలేటరు, దుకాణ సముదాయం దూరప్రయాణికునికి మర్యాదలు. రోజువారీ మనిషికి చేయవలసిన మర్యాద ఒక్కటే, వేళకు బండి.

నగర రైలు నష్టానికి నడుస్తున్నది గనుక దానికి ప్రాధాన్యం ఇవ్వలేమన్నది రైల్వేల పక్షాన బలమైన మాట. టికెట్టు సొమ్మును మాత్రమే రాబడిగా లెక్కవేస్తే అది నిజమే. కాని ఒక బండి నిండా మనుషులు రోడ్డెక్కకపోవడంవల్ల మిగిలే పెట్రోలు, వేళకు చేరడంవల్ల కోతపడని కూలి ఎవరి పద్దులోనూ జమ కావు. రోడ్డుపై వంతెన కట్టినప్పుడు ఎవరూ దానిని ఏటా ఎంత సంపాదించావని అడగరు. పట్టాలను మాత్రమే అడుగుతారు.

అన్నింటికంటె పెద్దదైన అభ్యంతరం భద్రత. రద్దీ దారిలో మరిన్ని బండ్లను దూర్చడం ప్రమాదకరం కాదా? ఈ ప్రశ్నను తేలికగా తీసుకోరాదు. 2019 నవంబరు 11న కాచిగూడ స్టేషనులో ఒక నగర రైలు, దారి మారుతున్న కర్నూలు హంద్రీ ఎక్స్‌ప్రెస్‌ను ఢీకొన్నది. నగర రైలు నడిపే లోకోపైలట్ తన గదిలోనే గంటల తరబడి చిక్కుకుని, కొన్నాళ్లకు ఆసుపత్రిలో కన్నుమూశాడు. సిగ్నలు దాటిన దోషం సంగతి అటుంచితే, దూరపు బండి, దగ్గరి బండి ఒకే ముఖద్వారంలో ఒకదాని దారిని ఒకటి కోస్తూ పోవలసి రావడం ఆ ప్రమాదం వెనుక ఉన్న భౌతిక పరిస్థితి. దానికి విరుగుడు నగర రైళ్లను తగ్గించడం కాదు, ఆ రెండింటినీ వేరుచేయడం.

వేరుచేసే అవకాశం ఇప్పుడు దొరికింది కూడా. 2025 జనవరి 6న చర్లపల్లిలో కొత్త టెర్మినల్ ప్రారంభమైంది. సికింద్రాబాదు, హైదరాబాదు, కాచిగూడ స్టేషన్ల భారం తగ్గించడానికి కొన్ని దూరపు రైళ్లను అక్కడికి తరలించారు. అలా ఖాళీ అయిన వేళలు ఎవరికి చెందాలన్నదే ఇప్పటి ప్రశ్న. వాటిలో మళ్లీ వేరొక దూరపు బండిని నింపడం సులువు. ఎక్కడో ఒక పట్టణం కొత్త రైలు కావాలని ఎప్పుడూ అడుగుతూనే ఉంటుంది. రాకపోకల మనిషికి మాత్రం అడిగిపెట్టే పట్టణం లేదు, అతడు పది పేటలలో చెదిరి ఉన్నాడు. పైగా చర్లపల్లి నగరానికి ఒక అంచున ఉన్నది. తెల్లవారుజామున అక్కడ దిగిన కుటుంబం మూటాముల్లెతో మెహిదీపట్నమో మియాపూరో చేరాలంటే రైలు టికెట్టుకు దీటైన ఆటో ఛార్జీ చెల్లించాలి. చర్లపల్లి, మౌలాలి, సనత్‌నగర్, లింగంపల్లి ఒకే దారిమీద ఉన్నవి. దూరపు బండి వచ్చే వేళకు నగర రైలు అక్కడ నిలిచి ఉంటే దించినవారూ దిగినవారూ సంతోషిస్తారు.

కోరదగినది పెద్దదేమీ కాదు. ఉదయం ఏడునుంచి పదివరకు, సాయంత్రం ఐదునుంచి ఎనిమిదివరకు, ఈ ఆరు గంటలపాటు లింగంపల్లి–సికింద్రాబాదు–ఫలక్‌నుమా దారిలో పదిహేను నిమిషాలకొక నగర రైలు నడవాలి. ఆ గంటలలో వేళతప్పి వచ్చిన ఎక్స్‌ప్రెస్ ఉంటే అది లింగంపల్లి ఆవలనో చర్లపల్లిలోనో ఒక పది నిమిషాలు ఆగాలి. వేళకు బయలుదేరిన చిన్న బండి ఆగరాదు. దీనికి కొత్త పట్టా అక్కరలేదు, కొత్త స్తంభం అక్కరలేదు, ఎవరి ఇల్లూ కూలనక్కరలేదు. టైంటేబుల్ తయారుచేసే బల్లమీద ఒక ఉత్తరువు చాలు. ఒక్క ఆరునెలలు అమలుచేసి, సీతాఫల్‌మండి ప్లాట్‌ఫారం మీద నిలబడినవారిని లెక్కపెట్టి చూడవచ్చు.